అమ్మమ్మ ఇల్లు ఎందుకు పనికిరాదు?

సిడ్నీకి వాయవ్యాన, పత్తి, గోధుమ పండే మైదానాల మధ్య గన్నెడా అనే చిన్న పట్టణం ఉంది. గొమెరోయ్ జాతి వాళ్ల నేల అది. 2014 మొదట్లో అక్కడి అబోరిజినల్ అమ్మమ్మలు, నాయనమ్మలు కొందరు కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. పేరు ‘గ్రాండ్‌మదర్స్ అగైన్‌స్ట్ రిమూవల్స్’. ఇళ్లలోంచి పిల్లల్ని తీసుకుపోవడాన్ని ఎదిరించే అవ్వల సంఘం. ముందు నిలబడ్డ హేజెల్ కాలిన్స్ తన మనవల్లో నాలుగో బిడ్డను కూడా ప్రభుత్వం పట్టుకుపోయాక ఇక ఊరుకునేది లేదని బయటికొచ్చారు. ఇంకో అవ్వ మనవల్ని ఎప్పటిలాగే తానే పెంచుకుంటాననుకుంది. ఆమె అందుకు తగదని సంక్షేమ శాఖ తేల్చింది. ఆ మాట విని ఆమెతోపాటు ఆమె తోబుట్టువూ నివ్వెరపోయింది, ఎందుకంటే ఆ తోబుట్టువు అప్పటికి అదే శాఖలో ఉద్యోగి. మరో అవ్వ మనవల్ని అర్ధరాత్రి వచ్చి తీసుకుపోయారు. మరీ ఘోరమైన పరిస్థితుల్లోనే పిల్లల్ని తీసుకెళ్తారని ఆమె అంతవరకూ నమ్మింది. వీళ్ల పోరాటాన్ని లారిస్సా బెరెండ్ 2017లో ‘ఆఫ్టర్ ది అపాలజీ’ అనే డాక్యుమెంటరీగా తీశారు. ఆమె న్యాయశాస్త్ర ఆచార్యురాలు. ఆమె నాయనమ్మను కూడా చిన్నతనంలో సర్కారే ఎత్తుకుపోయింది.

తల్లికి జబ్బు చేసినా, తండ్రి తాగుడుకు బానిసైనా, కాపురం కూలినా పిల్లలు ముందుగా చేరేది అమ్మమ్మ ఇంటికో నాయనమ్మ ఇంటికో. మన ఊళ్లలో ఈ సంగతి ఎవరూ చట్టం చేసి చెప్పక్కర్లేదు. ఆస్ట్రేలియాలో దాన్ని చట్టంలోనే రాశారు. న్యూ సౌత్ వేల్స్ 1998 నాటి బాలల సంరక్షణ చట్టంలో 13వ సెక్షన్ ఉంది. అబోరిజినల్ బిడ్డను కన్నవాళ్ల దగ్గర ఉంచడం కుదరకపోతే మొదట బంధువుల ఇంట్లో ఉంచాలి. అదీ కుదరకపోతే ఆ బిడ్డ జాతివాళ్ల ఇంట్లో, ఆ తర్వాత మరో అబోరిజినల్ కుటుంబంలో. ఇవేవీ దొరకనప్పుడే పరాయి ఇల్లు. మిగతా రాష్ట్రాల చట్టాల్లోనూ దాదాపు ఇదే వరస. 1970ల్లో అబోరిజినల్ సంఘాలు కొట్లాడి సాధించుకున్న సూత్రం ఇది. 1980ల నుంచి ఒక్కో రాష్ట్రం దీన్ని చట్టంలో చేర్చుకుంటూ వచ్చింది.

చట్టం అవ్వను మొదటి వరసలో నిలబెట్టింది. అయినా ఆ అవ్వలు పార్లమెంటు ముందు ప్లకార్డులు పట్టుకోవాల్సి వచ్చింది. ఎందుకంటే ఎవరు తగినవాళ్లో, ఎవరు కాదో రాసే కలం అవ్వ చేతిలో లేదు, ఆమె జాతి చేతిలోనూ లేదు. వందేళ్లుగా పిల్లల్ని తీసుకుపోతూ వచ్చిన వ్యవస్థకు వారసులైన శాఖల చేతిలోనే ఉంది. ఆ కలం చేతులు మారాలి. ఈ సమస్య మీద ఎన్ని కమిషన్లు ఎన్ని వేల పేజీలు రాసినా చివరికి తేలేది ఇదేనని నా నమ్మకం. అది నమ్మడానికి కారణాలు ఈ చరిత్రలోనే ఉన్నాయి.

1905లో వెస్టర్న్ ఆస్ట్రేలియా ఒక చట్టం చేసింది. రాష్ట్రంలోని పదహారేళ్ల లోపు అబోరిజినల్ పిల్లలందరికీ చట్టబద్ధమైన సంరక్షకుడు ఒక ప్రభుత్వ అధికారి అని అందులో ఉంది. తల్లి బతికున్నా సరే, బిడ్డ ఆమె ఒళ్లోనే ఉన్నా సరే. 1915 నుంచి 1940 దాకా ఆ కుర్చీలో కూర్చున్న ఎ.ఓ. నెవిల్‌కు ఒక ఖండంలో మూడో వంతు నేల మీది పిల్లల భవిష్యత్తును సంతకంతో తేల్చే అధికారం ఉండేది. న్యూ సౌత్ వేల్స్ 1909లో తన చట్టం చేసుకుంది. బిడ్డ ఆలనాపాలనా లేకుండా ఉన్నాడని కోర్టులో రుజువు చేయాల్సిన అవసరాన్ని కూడా 1915 సవరణతో తీసేసింది. మగపిల్లల్ని కించెలాలోని, ఆడపిల్లల్ని కూటముంద్రాలోని ప్రభుత్వ గృహాలకు పంపేవారు. వాళ్లకు పాలేరు పని, పనిమనిషి పని నేర్పేవారు. సొంత భాష మాట్లాడితే దండించేవారు. లేత ఛాయ ఉన్న పిల్లల మీదే అధికారుల కన్ను ఎక్కువగా పడేది. వాళ్లు తెల్లవాళ్లలో కలిసిపోతే ఒకటి రెండు తరాల్లో అబోరిజినల్ అనే ఊసే ఉండదన్నది లెక్క. 1937లో కాన్‌బెర్రాలో జరిగిన అధికారుల సమావేశం దాన్ని విధానంగానే ఆమోదించింది.

ఆ రోజుల్లో పిల్లల్ని కాపాడుకోవడం అంటే దాచిపెట్టడమే. లేత ఛాయ పిల్లల ఒంటికి బొగ్గుపొడి కొవ్వులో కలిపి పూసేవారు, అధికారి కంటికి నల్లగా కనపడాలని. 2008 ఫిబ్రవరి 13న పార్లమెంటులో క్షమాపణ చెబుతూ ప్రధాని కెవిన్ రడ్ ఒక వృద్ధురాలి బాల్యం గురించి చెప్పారు. నంగాలా ఫెజో అనే ఆమెను టెనెంట్ క్రీక్ దగ్గరి బస నుంచి 1932 ప్రాంతంలో, నాలుగేళ్ల వయసులో తీసుకుపోయారు. ఆ రోజు వస్తుందని భయపడ్డ కుటుంబం అప్పటికే వాగు గట్టున గుంతలు తవ్వి ఉంచింది, పిల్లలు పరుగెత్తి దూరడానికి. కానీ సంక్షేమం వాళ్లు లారీతో పాటు, గుర్రం మీద కొరడా ఝళిపించే ఒక అబోరిజినల్ పశువుల కాపరిని కూడా తెచ్చుకున్నారు. పిల్లలు దొరికిపోయారు. ఆమె తల్లి లారీ అంచులు పట్టుకుని వేలాడింది. లారీ కదిలింది.

1931లో మూర్ రివర్ శిబిరం నుంచి పారిపోయి, కుందేళ్లను ఆపడానికి వేసిన కంచె వెంట 1,600 కిలోమీటర్ల దూరంలోని జిగలాంగ్ వైపు నడిచిన ముగ్గురు అమ్మాయిల కథ సినిమాగా వచ్చింది కాబట్టి చాలామందికి తెలుసు. వాళ్లను నడిపించిన మోలీ క్రెయిగ్ జీవితంలో రెండో భాగం అంతగా ఎవరికీ తెలియదు. 1940లో ఆపరేషన్ కోసం పెర్త్ వెళ్లిన మోలీని, ఆమె ఇద్దరు కూతుళ్లతో సహా మళ్లీ అదే మూర్ రివర్‌కు పంపేశారు. మరుసటి ఏడాది ఆమె చంటిదాన్ని ఎత్తుకుని మళ్లీ పారిపోయి అదే దారిన ఇల్లు చేరింది. పెద్ద కూతురు డోరిస్‌ను వదిలిపెట్టక తప్పలేదు. ఎత్తుకొచ్చిన చిన్నదాన్ని మూడేళ్లకు సర్కారు మళ్లీ పట్టుకుపోయింది. 2004లో చనిపోయే దాకా మోలీ ఆ కూతురిని చూడలేదు. తల్లి నడిచిన కథను పుస్తకంగా రాసింది శిబిరంలో మిగిలిపోయిన డోరిసే. ఒకే ఇంట్లో రెండు తరాలు, ఒకే శిబిరం. మన దగ్గర పూర్వీకుల ఆస్తి వారసత్వంగా వచ్చినట్టు అక్కడ శిబిరం వచ్చింది.

ఇదంతా బలవంతంగా జరిగిందని ప్రభుత్వాలు చాలాకాలం ఒప్పుకోలేదు. తల్లులే ఇచ్చారని వాదించాయి. అందుకు సాక్ష్యంగా కాగితాలు చూపించాయి. తమను ఎత్తుకుపోయినందుకు ఇద్దరు ప్రభుత్వం మీద వేసిన, 2000లో ఫెడరల్ కోర్టు తీర్పు చెప్పిన క్యుబిలో, గన్నర్ కేసులో అలాంటి కాగితం ఒకటి కీలకమైంది. నార్తర్న్ టెరిటరీలోని యుటోపియా నుంచి 1956లో ఏడేళ్ల పీటర్ గన్నర్‌ను ఆలిస్ స్ప్రింగ్స్ హాస్టల్‌కు తరలించారు. తన కొడుకును తీసుకోమని తల్లే డైరెక్టరును కోరుతున్నట్టు ఇంగ్లిష్‌లో టైపు చేసిన ఫారం. కింద ఆమె వేలిముద్ర. ఆ ముద్ర ఆమెది కాదనిగానీ, అందులో ఏముందో ఆమెకు తెలియదనిగానీ అనుకోవడానికి తనకు ఆధారం లేదని న్యాయమూర్తి అన్నారు. కేసు ఓడిపోయింది. చదువురాని మనిషి, పరాయి భాషలో కాగితం, ఎదురుగా అధికారి, కింద వేలిముద్ర. భూమి పోగొట్టుకున్న మన ఏజెన్సీ కుటుంబాలను అడిగితే ఆ ముద్రకున్న విలువ ఎంతో చెబుతాయి.

బ్రూస్ ట్రెవరో కేసు ఇంకో కాగితాన్ని బయటపెట్టింది. సౌత్ ఆస్ట్రేలియాలో, 1957 క్రిస్మస్ రోజున పదమూడు నెలల ఆ బిడ్డకు కడుపులో బాగాలేదని ఇరుగుపొరుగు వాళ్ల సాయంతో తండ్రి అడిలైడ్ పిల్లల ఆస్పత్రికి పంపించాడు. రెండు వారాలకే అధికారులు బిడ్డను ఒక తెల్ల కుటుంబానికి ఇచ్చేశారు, కన్నవాళ్లకు ఒక్క ముక్క చెప్పకుండా. నెలలు గడిచాక తల్లి ఉత్తరం రాసింది. బాబు ఎలా ఉన్నాడు, ఇంటికెప్పుడు పంపిస్తారు అని. బాగానే కోలుకుంటున్నాడు, ఇంకా డాక్టర్ల చికిత్స అవసరం అని శాఖ జవాబిచ్చింది. అప్పటికి ఆ బిడ్డ ఆస్పత్రిలో లేడు. తల్లి దగ్గరికి చేరేసరికి అతనికి పదేళ్లొచ్చాయి, ఎవరి బిడ్డో తనకే తెలియని పదేళ్లు. 2007లో సౌత్ ఆస్ట్రేలియా సుప్రీంకోర్టు అతనికి 5,25,000 డాలర్ల పరిహారం ప్రకటించింది. ‘ఎత్తుకుపోయిన తరాలు’ అని పిలిచే ఇలాంటివాళ్లలో కోర్టు ద్వారా పరిహారం గెలిచిన తొలి మనిషి అతనే. మరుసటి ఏడాదే కన్నుమూశాడు.

ఆ తల్లి అడిగింది ఒక్కటే ప్రశ్న. దానికి అబద్ధం చెప్పినవాళ్లు గూండాలు కారు. ఉద్యోగులు, లెటర్‌హెడ్ మీద మర్యాదగా రాసినవాళ్లు. పిల్లలకు మంచి చేస్తున్నామనే వాళ్లు నమ్మి ఉండొచ్చు. నన్ను ఎక్కువగా భయపెట్టేది ఆ నమ్మకమే. దుర్మార్గుడైతే ఎప్పుడో ఒకప్పుడు తప్పు తెలుసుకోవచ్చు. మేలు చేస్తున్నానని నమ్మేవాడు అవ్వ ఏడుపును కూడా బిడ్డకు ప్రమాదంగా రాసుకుంటాడు.

1997లో రొనాల్డ్ విల్సన్, మిక్ డాడ్సన్ నేతృత్వంలోని మానవ హక్కుల కమిషన్ విచారణ ‘బ్రింగింగ్ దెమ్ హోమ్’ నివేదికను పార్లమెంటు ముందుంచింది. 1910, 1970 మధ్య ప్రతి పదిమంది అబోరిజినల్ పిల్లల్లో ఒకరి నుంచి, ప్రతి ముగ్గురిలో ఒకరి దాకా బలవంతంగా దూరం చేశారని అంచనా వేసింది. 54 సిఫార్సులు చేసింది. క్షమాపణ రావడానికి ఇంకో పదకొండేళ్లు పట్టింది. రడ్ మాట్లాడిన రోజు పార్లమెంటు గ్యాలరీలోనూ, ఊరూరా పెట్టిన పెద్ద తెరల ముందూ వృద్ధులు కూర్చుని ఏడ్చారు. ఇలాంటి అన్యాయం మళ్లెన్నడూ జరగకూడదని దేశం ఒప్పుకుంది.

ఆ క్షమాపణ నాటికి ఇంటికి దూరంగా సర్కారు సంరక్షణలో ఉన్న అబోరిజినల్, టోరెస్ జలసంధి దీవుల పిల్లలు దాదాపు 9 వేలు. ఇప్పుడు 20 వేలకు దగ్గరలో ఉన్నారు. లెక్కగట్టే పద్ధతులు కొన్ని మారాయి, జనాభా కూడా పెరిగింది. అవన్నీ పక్కనపెట్టి నిష్పత్తి చూసినా అదే కనపడుతుంది. ఆస్ట్రేలియా పిల్లల్లో వీళ్లు ఆరు శాతం. సర్కారు సంరక్షణలో ఉన్నవాళ్లలో నలభై శాతానికి పైగా. 1997 నివేదిక వచ్చేనాటికి అది ఇరవై శాతం. ప్రతి వెయ్యిమంది అబోరిజినల్ పిల్లల్లో 50 మందికి పైగా ఇంటికి దూరంగా ఉంటే మిగతా పిల్లల్లో ఆ సంఖ్య అయిదు దగ్గర. 2031 నాటికి ఈ అంతరాన్ని 45 శాతం తగ్గిస్తామని ప్రభుత్వాలన్నీ ‘క్లోజింగ్ ద గ్యాప్’ ఒప్పందంలో సంతకం చేశాయి. ఆ దారిలో నడక సరిగా లేదని ప్రభుత్వ నివేదికలే చెబుతున్నాయి. తీసుకున్న పిల్లల్లో అబోరిజినల్ కుటుంబాల దగ్గర ఉంచినవాళ్లు సగం కూడా లేరు. 13వ సెక్షన్ లాంటి చట్టాలు నలభై ఏళ్లుగా ఉన్న దేశంలో ఇదీ పరిస్థితి.

ఈ తీసుకుపోవడం ఎలా జరుగుతుందో చూడాలి. ఇప్పుడు లారీలు రావు. ఒక ఫోన్ కాల్‌తో మొదలవుతుంది. టీచరు, నర్సు, పోలీసు వీళ్లంతా అనుమానం వస్తే తెలియజేసి తీరాలని చట్టం. బిడ్డ పుట్టకముందే గర్భిణి మీద కూడా ఫిర్యాదు నమోదు చేయొచ్చు. ప్రసవమైన ఆస్పత్రి నుంచే పసికందును తీసుకెళ్లిన కేసులు అబోరిజినల్ కుటుంబాల్లో ఎక్కువ. భర్త కొడుతున్నాడని పోలీసులకు ఫోన్ చేసిన తల్లి, బిడ్డను హింస మధ్య ఉంచిన తల్లిగా రికార్డులోకి ఎక్కుతుంది. అద్దె కట్టలేక అక్క ఇంట్లో తలదాచుకుంటే ఇల్లు ఇరుకని రాస్తారు. ఫ్రిజ్‌లో ఏముందో చూస్తారు. ఇల్లిచ్చేదీ సర్కారే, ఇల్లు ఇరుకని బిడ్డను తీసుకుపోయేదీ సర్కారే. ఒక శాఖ చేయాల్సిన పని చేయకపోతే ఇంకో శాఖ దాన్ని తల్లి తప్పుగా నమోదు చేస్తుంది. లేమిని నిర్లక్ష్యంగా చదవడం ఇలాగే జరుగుతుంది.

అప్పుడు అవ్వ ముందుకొస్తుంది, నేను చూసుకుంటాను అని. ఆ క్షణం నుంచి ఆమె కూడా విచారణలో ఉన్న మనిషే. ఇంట్లో ఉన్న ప్రతి పెద్దమనిషీ పోలీసు తనిఖీలో నెగ్గాలి. ఆడుకునే వయసులో చేసిన చిన్న తప్పు, ముప్పై ఏళ్ల కిందటి జరిమానా పైకొస్తాయి. పోలీసుల చూపు అబోరిజినల్ వీధుల మీద ఎంత ఎక్కువగా ఉంటుందో తెలిసినవాళ్లకు అలాంటి రికార్డు లేని ఇల్లు దొరకడం ఎంత అరుదో కూడా తెలుసు. గదులు ఎన్ని, మంచాలు ఎన్ని అని లెక్కపెడతారు. జైలు నుంచి వచ్చిన కొడుకు ఇంట్లోనే ఉంటున్నాడా అని అడుగుతారు. అన్నింటికన్నా బాధపెట్టేది వేరే ఉంది. ఆ అవ్వ తన చిన్నతనంలో కూటముంద్రా లాంటి చోట పెరిగి ఉంటే, సంక్షేమ శాఖతో ఈ కుటుంబానికి పాత సంబంధం ఉందని అదొక ముప్పు కింద లెక్కకొస్తుంది. ఆమెను ఎత్తుకుపోయినప్పుడు రాసిన దస్త్రమే ఆమె మనవడిని ఆమెకు ఇవ్వకపోవడానికి ఆధారమవుతుంది.

ఈలోగా కాలం ఆమెకు ఎదురు తిరుగుతుంది. న్యూ సౌత్ వేల్స్‌లో బిడ్డను తీసుకెళ్లాక శాఖ కొద్దిరోజుల్లోనే పిల్లల కోర్టు ముందుకు రావాలి. అవ్వకు ఆ కబురు ఎప్పుడు అందుతుందో ఎవరూ హామీ ఇవ్వరు. ఆమె పరీక్షలన్నీ అయ్యేసరికి నెలలు గడుస్తాయి. అప్పటికి బిడ్డ పెంపుడు ఇంట్లో కుదురుకున్నాడని, కదిలిస్తే దెబ్బతింటాడని నివేదిక వస్తుంది. 2018లో ఆ రాష్ట్రం చట్టం మార్చి, రెండేళ్లలోగా బిడ్డను తిరిగి కన్నవాళ్ల దగ్గరికి చేర్చడం కుదురుతుందో లేదో తేల్చాలంది, దత్తతను సులభం చేసింది. ప్రభుత్వ ఇంటి కోసం ఏళ్లు వేచి ఉండాల్సిన, మత్తు మాన్పించే కేంద్రాలు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న చోట రెండేళ్లు ఏ మూలకు వస్తాయి? దత్తత అయిపోయాక అవ్వకు అడిగే హక్కు కూడా మిగలదు.

దీనివల్ల ఒక భయం ఇళ్లలో పాతుకుపోయింది. సాయం కావాలని అడిగితే ఫైలు తెరుచుకుంటుంది. అందుకని అడగరు. కూతురికి ఒంట్లో బాగాలేదనీ, తిండికి కటకటగా ఉందనీ బయటికి చెప్పరు. మనవల్ని ఏ కాగితమూ లేకుండా తన దగ్గరే ఉంచుకున్న అవ్వకు పెంపుడు కుటుంబాలకిచ్చే భత్యం రాదు. అదే బిడ్డను ముక్కూముఖం తెలియని ఇంట్లో పెడితే నెలనెలా సర్కారు డబ్బు కడుతుంది. దేశం మొత్తం మీద బాలల రక్షణకు పెట్టే ఖర్చులో కుటుంబాన్ని నిలబెట్టే సేవలకు వెళ్లేది అయిదో వంతు కన్నా తక్కువ. మిగిలినదంతా విచారణలకూ, తీసుకెళ్లాక పెట్టే ఖర్చుకూ. ఈ లెక్క ఒక్కటి తిరగబడినా వేల ఇళ్లలో పిల్లలు ఇంట్లోనే ఉంటారు.

అధికారి రాసుకునే ఫారంలో కుటుంబం అంటే ఒక తల్లి, ఒక తండ్రి, పిల్లలు. అబోరిజినల్ జాతుల్లో చాలావాటిలో తల్లి అక్కచెల్లెళ్లందరూ తల్లులే, తండ్రి అన్నదమ్ములందరూ తండ్రులే. మేనమామకు, మేనత్తకు వేరే స్థానం, వేరే బాధ్యత. ఇది తెలుగువాళ్లకు వివరించక్కర్లేని వరస. ద్రావిడ బంధుత్వ వ్యవస్థకూ, వెస్టర్న్ ఆస్ట్రేలియాలోని కరియెరా లాంటి జాతుల వ్యవస్థకూ ఉన్న పోలికలను మానవశాస్త్రవేత్తలు చాలాకాలంగా చర్చిస్తున్నారు. ఆ వరసలో అవ్వ స్థానం పెద్దది. నేల గురించి, జాతి కథల గురించి, ఎవరు ఎవరికి ఏమవుతారో పిల్లలకు చెప్పేది ఆమె. బిడ్డ రాత్రి ఒక ఇంట్లో, పగలు ఇంకో ఇంట్లో కనిపిస్తే, నలుగురైదుగురు చేతుల్లో పెరుగుతుంటే అది ఆలనాపాలనా లేకపోవడం అని రాసుకునే అధికారికి ఆ నలుగురూ అమ్మలేనని తెలియదు.

ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది, దాన్ని పక్కకు నెట్టేయకూడదు. కొన్ని ఇళ్లలో పిల్లలు నిజంగానే దెబ్బలు తింటున్నారు, ఆకలితో ఉంటున్నారు, అంతకన్నా ఘోరమైనవీ జరుగుతున్నాయి. 2007లో రెక్స్ వైల్డ్, పాట్ ఆండర్సన్ నార్తర్న్ టెరిటరీ పిల్లల మీద లైంగిక హింస గురించి ఇచ్చిన నివేదిక చదివినవాళ్లెవరూ అంతా సవ్యంగా ఉందని అనలేరు. ‘ఎత్తుకుపోయిన తరాలు’ అనే మాట వస్తుందన్న భయంతో అధికారులు చేతులు ముడుచుకు కూర్చుంటే పిల్లలు చనిపోతారని వాదించేవాళ్లున్నారు, వాళ్లలో అబోరిజినల్ నాయకులూ ఉన్నారు. ఆ ఆందోళనలో నిజముంది. అయితే అవ్వల సంఘం ఏ బిడ్డనూ ఎన్నడూ తీసుకెళ్లొద్దని అడగలేదు. కూతురి ఇంట్లో ప్రమాదం ఉంటే బిడ్డను మాకివ్వండి అని అడిగింది. తండ్రి చేతిలో దెబ్బలు తింటున్న పిల్లాడిని రాత్రికి రాత్రి అవ్వ ఇంటికి చేర్చడం కూడా రక్షణే. ఆ దారి ఉన్నా వాడకుండా పరాయి ఇంటికి పంపడాన్ని రక్షణ అనడం కష్టం. పైగా పరాయి ఇళ్లలోనూ, ప్రభుత్వ గృహాల్లోనూ పిల్లలు హింసకు గురైన చరిత్ర ఆ దేశంలోని రాయల్ కమిషన్ల నిండా ఉంది. 2007 నివేదిక రాసిన ఇద్దరూ ముందుగా కోరింది అక్కడి ప్రజలతో కలిసి పనిచేయమని. ప్రభుత్వం వాళ్ల మాట వినకుండా ఆ పల్లెలకు సైన్యాన్ని పంపింది.

అంతా మన ఊహ కాదని చెప్పడానికి న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వమే వేయించిన సమీక్ష ఉంది. రాజ్యాంగ న్యాయ నిపుణురాలు మేగన్ డేవిస్ అధ్యక్షతన సాగిన ‘ఫ్యామిలీ ఈజ్ కల్చర్’ సమీక్ష 2015-16లో సర్కారు సంరక్షణలోకి వెళ్లిన 1,144 మంది అబోరిజినల్ పిల్లల ఫైళ్లను తెరిచింది. 2019లో 125 సిఫార్సులతో నివేదిక వచ్చింది. నియమాలన్నీ కాగితం మీద పాటించినట్టు టిక్కులు పెట్టి, అసలు పని వదిలేయడం అక్కడ అలవాటుగా మారిందని ఆమె తేల్చారు. కోర్టుకు తప్పుదోవ పట్టించే సాక్ష్యం ఇచ్చిన కేసులున్నాయని రాశారు. తీసుకెళ్లడం కన్నా తేలికైన మార్గాలు ఉన్నా ప్రయత్నించని కేసులు కనబడ్డాయి. ట్రెవరో తల్లికి వచ్చిన ఆ జవాబుకూ, ఈ ఫైళ్లకూ మధ్య అరవై ఏళ్ల దూరం ఉంది. పని చేసే తీరులో అంత దూరం లేదు.

పరిష్కారం ఎక్కడో వెతకాల్సిన పని లేదు, ఆస్ట్రేలియాలోనే ఉంది. విక్టోరియా రాష్ట్ర చట్టంలోని 18వ సెక్షన్ కింద అబోరిజినల్ బిడ్డకు సంబంధించిన ప్రభుత్వాధికారాలను అబోరిజినల్ సంస్థకే అప్పగించవచ్చు. 1977లో పుట్టిన విక్టోరియా అబోరిజినల్ బాలల సంరక్షణ సంస్థ 2017 నుంచి ఆ అధికారాన్ని వాడుతోంది. ఆ సంస్థ కేస్‌వర్కరుకు అవ్వ ఎవరో, ఆమె ఇంటి వరస ఏమిటో, పిల్లాడికి పిన్నమ్మలు ఏ ఊళ్లో ఉన్నారో వెతుక్కోవాల్సిన పని తక్కువ. అలాగని అన్నీ అక్కడ చక్కబడ్డాయని కాదు. ఆ రాష్ట్రంలోనే పిల్లల్ని తీసుకెళ్లే రేటు దేశంలో అత్యధికాల్లో ఒకటి, అధికారం దక్కిన సంస్థలు ఇంకా కొన్నే. అమెరికా 1978లోనే ఇండియన్ బాలల సంక్షేమ చట్టం చేసి, బిడ్డ తెగకు కోర్టులో స్వయంగా వాదించే హక్కునూ, చాలా కేసుల్లో తెగ కోర్టుకే విచారణ అధికారాన్నీ ఇచ్చింది. 2023లో అక్కడి సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని నిలబెట్టింది. ఆస్ట్రేలియాలో తెగలకు సొంత కోర్టులు లేవు. అందువల్ల అవ్వ హక్కు అధికారి విచక్షణ మీద ఆధారపడి ఉంది.

తెలుగువాళ్లకు ఈ విషయంతో ఉన్న సంబంధం దూరపుదేమీ కాదు. 2021 జనగణన నాటికే ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు 50 వేలు దాటారు. కూతురి కాన్పుకనీ కోడలి ఉద్యోగమనీ గుంటూరు నుంచి, కరీంనగర్ నుంచి అమ్మమ్మలు, నాయనమ్మలు ఏటా మెల్‌బోర్న్, సిడ్నీ విమానాలు ఎక్కుతూనే ఉన్నారు. మనవలు అవ్వ చేతి ముద్దతో పెరగాలని కోరుకునే ఆ ఇళ్ల పక్క వీధుల్లోనే, అదే కోరిక కోరినందుకు కోర్టు చుట్టూ తిరుగుతున్న అవ్వలున్నారు. 2011లో నార్వే ప్రభుత్వం ఒక బెంగాలీ దంపతుల ఇద్దరు పిల్లల్ని తీసుకుపోయినప్పుడు, చేత్తో తినిపించడం, పక్కలో పడుకోబెట్టుకోవడం కూడా ఆరోపణల్లో ఉన్నాయని విని మన దేశమంతా అట్టుడికిపోయింది. మన విదేశాంగ శాఖ జోక్యం చేసుకుంది, పిల్లలు బాబాయి వెంట ఇండియా చేరారు. అబోరిజినల్ అవ్వ తరఫున అడగడానికి వేరే దేశం లేదు, రాయబారి లేడు. ఆమెకున్నది ఆ దేశ పౌరుల మనస్సాక్షే, వాళ్లలో ఇప్పుడు ఓటున్న తెలుగువాళ్లూ ఉన్నారు. తమకు సంబంధించిన చట్టాల మీద అబోరిజినల్ ప్రజలకు రాజ్యాంగబద్ధమైన సలహా వేదిక ఇవ్వాలన్న ప్రతిపాదనను 2023 అక్టోబరు 14 రెఫరెండంలో అరవై శాతం ఓటర్లు తిరస్కరించారు. అబోరిజినల్ ప్రతినిధులు చేసిన 2017 ఉలురు ప్రకటన ఆ వేదికను అడిగినప్పుడు చెప్పిన కారణాల్లో కుటుంబాలకు దూరమవుతున్న పిల్లల సంగతి కూడా ఉంది.

న్యూ సౌత్ వేల్స్ 2022లో తన చట్టాన్ని సవరించింది. బిడ్డను తీసుకెళ్లకుండా ఆపడానికీ, తప్పకపోతే బంధువుల దగ్గర ఉంచడానికీ శాఖ చురుగ్గా ప్రయత్నించినట్టు కోర్టుకు చూపించాలని కొత్త నిబంధన వచ్చింది. 2023 నవంబరు నుంచి అమల్లో ఉంది. మంచి అడుగే. కానీ ప్రయత్నించామని రాసేది శాఖే, చాలనుకునేదీ శాఖే అయితే టిక్కుల వరసలో ఇంకో గడి పెరుగుతుంది. మొదటి విచారణ రోజున శాఖ కోర్టు ముందు పెట్టాల్సినవి పేర్లు, తేదీలు: ఏ అమ్మమ్మను, ఏ నాయనమ్మను, ఏ పిన్నమ్మను ఏ రోజు ఎవరు కలిశారు, ఆమె ఏం చెప్పింది, వద్దనుకుంటే ఏ కారణంతో. ఇల్లు ఇరుకనే కారణమైతే పెద్ద ఇల్లు ఇప్పించడానికి ఏం చేశారు. పాత కేసు కారణమైతే అది బిడ్డకు ఇవాళ ఏ హాని చేస్తుంది. ఆ వివరాల మీద స్థానిక అబోరిజినల్ సంస్థ లిఖితపూర్వక అభిప్రాయం జతపడాలి, దాన్ని కాదంటే ఎందుకో న్యాయమూర్తి తీర్పులో రాయాలి. అవ్వను ఆ కేసులో పక్షంగా చేర్చి, ఆమె తరఫు లాయరు ఫీజు మొదటి రోజు నుంచే ప్రభుత్వం భరించాలి.